ఆ లోనా ఎవరిచ్చారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "మీరు ఇంజనీరింగ్ కాలేజీలో కబడ్డీ కెప్టెన్ కదండీ, ఆటల గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. గెలిచిన కప్పుల గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను ఓడిపోయిన ఒక మ్యాచ్ గురించి చెబుతాను. ముప్పై అయిదేళ్ళుగా దాని గురించి ఎక్కడా నోరు విప్పలేదు. విప్పాల్సి వస్తే అది ఇక్కడే విప్పాలి, ఎందుకంటే ఆ మ్యాచ్‌లో మన బడి వాళ్ళం ఇద్దరం ఉన్నాం.

మనకు కబడ్డీ ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. బడి వెనక నేలలో రాళ్ళు ఏరి, బూడిదతో గీతలు గీసుకుని, చీకటి పడి ఎదుటివాడు కనిపించనంతవరకూ ఆడేవాళ్ళం. బూట్లు లేవు. మోకాళ్ళు కొట్టుకుపోతే ఏదో ఆకు పసరు పూసుకుని మళ్ళీ కూతకు వెళ్ళేవాళ్ళం. ఔటైనవాణ్ణి "చచ్చాడు" అనేవాళ్ళం. మనవాడు పాయింటు తెస్తే "బతికాడు" అనేవాళ్ళం. ముందు చచ్చినవాడు ముందు బతకాలి. ఈ నియమం మీద ఎన్ని కొట్లాటలు జరిగాయో మా డ్రిల్లు మాస్టారికే తెలుసు.

ఇంటర్ అయ్యాక నేను మైదానంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. అడ్డతీగల అని చెబితే, "ఏజెన్సీయా? అక్కడ మలేరియా అట కదా?" అని అడిగేవారు. 1922లో అల్లూరి సీతారామరాజు దండెత్తిన పోలీస్ స్టేషన్లలో మాదీ ఒకటని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అయినా హాస్టల్లో నాకు గౌరవం తెచ్చింది ఆ కథ కాదు, కబడ్డీ. మూడో ఏడు వచ్చేసరికి కెప్టెన్‌నయ్యాను. ఆ ఏడాదే మన బడి నుంచే, నాకంటే ఒక ఏడు చిన్నవాడు, కొండ మీది ఊరి కుర్రాడు మా జట్టులోకి వచ్చాడు. కొండరెడ్ల అబ్బాయి. ఎడమ కార్నర్‌లో ఆడేవాడు. చీలమండ పట్టాడంటే ఎదుటివాడు గీత దాటడం కల్ల. నన్ను "అన్నా" అనేవాడు. పేరు చెప్పను. చెప్పొద్దని ఆయనే అన్నాడు.

అది 1990. ఆ ఏడాదే బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని మొదటిసారి పోటీ క్రీడగా చేర్చారు, మన దేశం స్వర్ణం గెలిచింది. ఆ ఊపు మా అందరికీ ఉంది. డిసెంబరులో జరిగిన కాలేజీల పోటీల్లో మేం ఫైనల్‌కు వెళ్ళాం. సగం ఆట అయ్యేసరికి 19-11తో ముందున్నాం. చివరి నిమిషానికి స్కోరు 30-30. ఆఖరి కూత వాళ్ళది. వాళ్ళ కూతగాడు మా ఎడమవైపు వచ్చాడు. మావాడు చీలమండ పట్టాడు. పట్టు జారింది. వాడు పొర్లుకుంటూ వెళ్ళి మధ్య గీత ముట్టుకున్నాడు. 31-30.

జట్టంతా చుట్టూ ఉండగా, అవతలి కాలేజీ వాళ్ళు డప్పు కొడుతూ ఉండగా, నేను వాడి దగ్గరకు వెళ్ళి, "నీవల్లే పోయిందిరా. ఇలాంటి ఆట ఆడటానికి కొండ దిగి రావాలా?" అన్నాను.

నేనూ ఆ కొండ నుంచే దిగివచ్చినవాణ్ణి. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

వాడు ఏమీ అనలేదు. మర్నాడు గ్రౌండుకు రాలేదు. ఆ తరువాత ఎప్పుడూ రాలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి, డ్రిల్లు మాస్టారిని చూడటానికి వెళ్ళాను. ఓటమి కథ అంతా చెప్పాను, తప్పు వాడిదేనని తేల్చాను. ఆయన ఒక పుల్ల తీసుకుని నా చేతికిచ్చి, "ఒరేయ్, మొదటి కూత నుంచి స్కోరు నేల మీద రాయి" అన్నారు. గుర్తున్నంతవరకూ రాశాను. రెండో సగంలో ఒక చోట నా చెయ్యి ఆగింది. ఎనిమిది పాయింట్లు ముందుండగా, కాలం గడపడానికి ఖాళీ కూతలు వెయ్యాల్సిన సమయంలో, చప్పట్ల కోసం నేను ఏడుగురి మధ్యలోకి వెళ్ళి పట్టుబడ్డాను. లోపలికి వచ్చాక మళ్ళీ అదే పని చేశాను. కూతగాడు బయట కూర్చుంటే పాయింటు తెచ్చేవాడు లేక ఒక్కొక్కరే రాలిపోయారు. జట్టంతా ఔటై లోనా ఇచ్చాం. లోనాకు రెండు పాయింట్లు అదనం.

మాస్టారు ఆ చోట పుల్లతో చుట్టూ గీత గీసి, "మీరు ఓడింది ఒక్క పాయింటుతో కదా. మరి ఈ లోనా ఎవడిచ్చాడురా?" అని అడిగారు.

నేను జవాబు చెప్పలేదు. ఆయన లేచి, టీ పెట్టమని లోపలికి కేకేశారు. అంతే.

ఇక్కడితో కథ బాగుపడి ఉండాలి. పడలేదు. ఆ కుర్రాడి ఊరికి వాగు దాటి రెండు కిలోమీటర్లు నడిస్తే చాలు. వెళ్ళలేదు. కాలేజీలో ఎదురుపడితే తల దించుకుని పోయాను. కెప్టెన్‌నన్న అహం ఒకటి, సిగ్గు ఒకటి. మరుసటి ఏడాది ఎడమ కార్నర్‌లో నిలబడేవాడు లేక మొదటి రౌండులోనే ఓడిపోయాం. ఆ ఓటమిని మాత్రం ఎవరి మీదా వెయ్యలేకపోయాను.

ఉద్యోగం విద్యుత్ శాఖలో వచ్చింది. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం చాలా చిన్నది. ఫ్యూజు పోతే ఫ్యూజును తిట్టం. లోడు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తీగలు ఒకదానికొకటి తగిలాయి అని లైను వెంట వెనక్కి నడుస్తాం. అది చూడకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. ఆఖరి కూతలో పట్టు జారిన కుర్రాడు మా జట్టుకు ఫ్యూజు. లోడు పెంచినవాణ్ణి నేను.

ఓడిన జట్టును ఎలా నిలబెట్టాలో చేసి చూపిన ఒక మాస్టారు మన తెలుగు నేల మీదే ఉండేవారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడి, బడుల్లో పంతులుగా పనిచేసి, తరువాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కోచ్ అయ్యారు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. అంతటి కోచ్ ఉండగానే 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన దేశం యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో ఉత్తి కాళ్ళతో ఆడారు. మనలాగే బూట్లు లేని అలవాటు. పది గోల్స్ తిన్న గోల్‌కీపర్ మీద తప్పు తోసేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ తరువాత జాతీయ పోటీల్లో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. స్టేడియంలో జనం మనకు వ్యతిరేకంగా గోల చేస్తున్నారు. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతణ్ణి పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరుసలో ఆడించారు. సికింద్రాబాదు కుర్రాడు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులో ఉన్నారు. థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను దాటుకుని ఫైనల్‌కు వస్తే ఎదురుగా మళ్ళీ అదే కొరియా. ఈసారి 2-1తో మనం గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తరువాత మళ్ళీ స్వర్ణం రాలేదు.

అదే జకార్తాలో 2018లో మన కబడ్డీకి దెబ్బ తగిలింది. 1990 నుంచి ఎప్పుడూ స్వర్ణం వదలని పురుషుల జట్టు సెమీస్‌లో ఇరాన్ చేతిలో 27-18తో ఓడింది. అమ్మాయిలు ఫైనల్లో అదే ఇరాన్ చేతిలో 27-24తో ఓడారు. మళ్ళీ ఆసియా క్రీడలు 2023లో హాంగ్‌ఝౌలో జరిగాయి. పురుషులు ఇరాన్‌ను 33-29తో ఓడించారు. అమ్మాయిలు తైవాన్‌ను 26-25తో ఓడించారు. ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు విలువ నాకు తెలిసినట్టు చాలామందికి తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కిందటి ఏడు ఈ ఉత్సవాల పని మీద ఇక్కడికి వచ్చినప్పుడు, మన మన్యంలోనే ఒక ఆశ్రమ పాఠశాల అమ్మాయిలు కబడ్డీ పోటీ నుంచి ఓడిపోయి తిరిగి రావడం చూశాను. వాళ్ళను తీసుకొచ్చిన మాస్టారు మా ఎడమ కార్నరే. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి "అన్నా, బాగున్నావా?" అన్నాడు, మధ్యలో ముప్పై ఏళ్ళు లేనట్టే.

మర్నాడు పొద్దున్న వాళ్ళ గ్రౌండుకు వెళ్ళాను. ఆయన పద్ధతి ఇది. ఓడిన రోజు బస్సులో మ్యాచ్ మాట ఎవరూ ఎత్తకూడదు. అందరూ కడుపునిండా తినాలి, నిద్రపోవాలి. మర్నాడు గుండ్రంగా కూర్చోవాలి. మొదట కెప్టెన్ తను చేసిన తప్పులు చెప్పాలి. తరువాత మిగతావాళ్ళు ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోవాలి. పక్కవాళ్ళ తప్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు, మాస్టారికి తప్ప. ఆ రోజు కెప్టెన్ అమ్మాయి లేచి, నోరు పెగలక కాసేపు నిలబడి, "రెండో సగంలో నేను తొందరపడ్డాను సార్" అంది. ఆఖరి పాయింటు పోగొట్టిన అమ్మాయి అప్పటిదాకా తల ఎత్తలేదు. ఆ మాట విన్నాక ఎత్తింది.

"ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాను.

"నువ్వే కదా అన్నా నేర్పావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు, అందుకే ఎక్కువ నొచ్చుకున్నాను.

అప్పుడు కూడా క్షమించమని అడగలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు అడగడం తేలిక. నేను ఆ మాట అన్నది జట్టంతా వింటుండగా. కాబట్టి అడగడం కూడా నలుగురిలో అడగాలి. ఆయన ఈ సభలోనే ఉన్నాడు. తమ్ముడూ, ఆ మ్యాచ్ నీవల్ల పోలేదు. ఆ లోనా ఇచ్చింది నేను. నీ చేత ఆట మాన్పించింది కూడా నేనే. కబడ్డీలో చచ్చినవాణ్ణి బతికించే పని బయట ఉన్నవాడు చెయ్యలేడు, లోపల ఉన్నవాడు చెయ్యాలి. అప్పుడు లోపల ఉన్నది నేను. చెయ్యలేదు. నన్ను క్షమించు.

సంఘానికి ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. ప్రతి ఏటా గెలిచిన జట్లకు మనం కప్పులు, శాలువాలు ఇస్తున్నాం. ఇవ్వండి, మంచిదే. ఈ ఏడు నుంచి, బయటి పోటీలకు వెళ్ళి ఓడిపోయి వచ్చిన మన జట్టుకు మరుసటి ఏడాది పోటీలకు వెళ్ళే బస్సు ఖర్చులు, బూట్లు, మోకాలి పట్టీలు సంఘం తరఫున ఇద్దాం. ఒక్కటే షరతు. ఓడిన జట్టులోని పిల్లల్లో ఒక్కరు కూడా ఆట మానకూడదు. మొదటి అయిదేళ్ళ ఖర్చు నాది. ఆ తరువాత మీ ఇష్టం.

కిటికీల దగ్గరున్న పిల్లలూ, మీలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఆఖరి కూతలో పట్టు జార్చుకుంటారు. అప్పుడు మీ కెప్టెన్ ఏమంటాడో నాకు తెలియదు. మీరు మర్నాడు సాయంత్రం మాత్రం గ్రౌండుకు రండి.