టోపీ కింద దాచుకునే జబ్బు

 

టోపీ కింద, దుపట్టా కింద ఏళ్ల తరబడి దాచుకునే జబ్బు ఒకటుంది: తలమీది సోరియాసిస్. చుండ్రు అనుకుని నూనెలు, షాంపూలు మారుస్తుంటాం. చుండ్రు పొట్టు జిడ్డుగా ఉంటుంది. సోరియాసిస్‌లో మందపాటి మచ్చలపై తెల్లని పొడి పొలుసులు కట్టి, నుదుటి మీదికి, చెవుల వెనక్కి పాకుతాయి.

ఇది అంటువ్యాధి కాదు. దువ్వెనతోనో, ఒకే పళ్లెంలో తినడంతోనో రాదు. శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి, నెల పట్టే చర్మం మార్పును కొద్ది రోజుల్లోనే జరిపించడం వల్ల వస్తుంది. అయినా దీనివల్ల పెళ్లి సంబంధాలు తప్పిపోతున్నాయి.

ఈ మంటను రగిలించే ఇంటర్‌ల్యూకిన్-17, 23లను పరిశోధకులు గుర్తించారు. వాటిని అడ్డుకునే ఇంజెక్షన్లు తలమీద కూడా బాగా పనిచేస్తున్నాయి. 2015లో అమెరికాలో అనుమతి పొందిన సెక్యుకినుమాబ్ అలాంటిదే. జుట్టులో రాసుకునే రోఫ్లుమిలాస్ట్ నురగకు 2025లో అక్కడ అనుమతి వచ్చింది. ఇంజెక్షన్లు ఖరీదైనవి, ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. చాలామందికి పైపూత లోషన్లే చాలు. మెథోట్రెక్సేట్ మాత్ర చవకే. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

తలమీద సోరియాసిస్ ఉన్నవారికి కీళ్లవాతం ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. అరిగిపోయిన కీలు తిరిగి రాదు.

దాతలారా, ఇది ఏళ్ల తరబడి ఉండే జబ్బు. ఒక్కసారి మందు కొనిస్తే తీరదు. నెలనెలా మందులకు, రక్తపరీక్షలకు, దారి ఖర్చులకు మన చేయూత కావాలి. అంతకుముందు, ఆ మనిషి పక్కన జంకు లేకుండా కూర్చుందాం. అదీ సదఖాయే.