ఓట్ల లెక్క, పేర్ల జాబితా

2014 లోక్‌సభ ఎన్నికలను గుర్తు చేసుకుందాం. భారతీయ జనతా పార్టీకి వచ్చిన ఓట్లు సుమారు 31 శాతం, స్థానాలు 543లో 282. బహుజన్ సమాజ్ పార్టీకి 4 శాతానికి పైగా ఓట్లు వచ్చినా ఒక్క స్థానమూ దక్కలేదు. లెక్కింపులో పొరపాటేమీ లేదు. ప్రతి నియోజకవర్గంలోనూ అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. తక్కినవారికి పడ్డ ఓట్లు అక్కడితో ఆగిపోతాయి.

అలా కాక, ఓట్ల నిష్పత్తిలోనే పార్టీలకు స్థానాలు పంచితే అది దామాషా ప్రాతినిధ్యం. స్థానాన్ని ముక్కలు చేయలేం కదా, మరి ఎలా పంచాలి? నేపాల్‌లో ప్రతి పార్టీ ఓట్లనూ 1, 3, 5, 7... తో భాగిస్తూ పోతారు. కాగితం తీసుకుని మీరే చేసి చూడండి. మూడు పార్టీలకు 53, 28, 19 ఓట్లు వచ్చాయనుకోండి, స్థానాలు అయిదు. భాగఫలాల్లో పెద్దవి అయిదు ఏరితే 53, 28, 19, 17.7, 10.6. మొదటి పార్టీకి మూడు స్థానాలు, మిగిలిన రెండింటికీ ఒక్కొక్కటి.

ఇంతవరకు అంకగణితమే. ఆ మూడు స్థానాల్లో కూర్చునేది ఎవరు? చిక్కు ఇక్కడే ఉంది. పార్టీ ముందుగానే పేర్ల జాబితా ఇస్తుంది. ఓటరు పార్టీ గుర్తుపై ముద్ర వేయగలడే తప్ప ఆ పేర్లను మార్చలేడు. దీన్నే మూసిన జాబితా అంటారు. (మన రాజ్యసభ ఎన్నికలూ దామాషావే. కానీ అక్కడ ఎమ్మెల్యేలు అభ్యర్థుల పేర్లకే 1, 2 అని ప్రాధాన్యం వేస్తారు.)

నేపాల్ 2015 రాజ్యాంగం ప్రకారం ప్రతినిధుల సభలో 275 స్థానాలు. 165 నేరుగా, 110 జాబితాల ద్వారా నిండుతాయి. 2017లో నేరుగా గెలిచిన మహిళలు ఆరుగురే. జాబితాల నుంచి వచ్చినవారు 84 మంది. పార్లమెంటులో ప్రతి పార్టీ సభ్యుల్లో మూడోవంతు మహిళలుండాలన్న నిబంధనే దీనికి కారణం. ఇది చిన్న విషయమేమీ కాదు. అయితే 2008 రాజ్యాంగ సభ ఎన్నికల్లో, జాబితాలో ఎవరిని సభకు పంపాలో ఓట్లు లెక్కించాక పార్టీలే ఎంచుకున్నాయి. వరుసను కూడా పాటించనక్కరలేదు. అలా వచ్చిన సభ్యురాలు తన నాయకుణ్ని ప్రశ్నించాలంటే ఎంత తెగువ కావాలో ఊహించండి.

1989 నుంచి శ్రీలంక పార్లమెంటు ఎన్నికల్లో ఓటరు పార్టీని ఎంచుకుని, అందులో ముగ్గురు అభ్యర్థుల వరకు తన ఇష్టం తెలపవచ్చు. దాంతో ఒకే పార్టీవాళ్ళు తమలో తామే పోటీపడతారు. ఇలా జిల్లాల నుంచి వచ్చేది 196 మంది. మిగతా 29 జాతీయ జాబితావి. అక్కడ ఓటరు ఇష్టంతో పని లేదు. 2020లో రణిల్ విక్రమసింఘే ఓడిపోయారు. ఆయన పార్టీ ఏ జిల్లాలోనూ గెలవలేదు. జాతీయ జాబితాలో పార్టీకి దక్కిన ఒకే ఒక్క స్థానంతో ఆయన 2021లో పార్లమెంటుకు వచ్చారు. 2022 జూలైలో సభ్యుల ఓట్లతో దేశాధ్యక్షులయ్యారు.