గాలపు వేట – ఊరి చెరువు



పంచాయతీ సమావేశములలో చేపల ప్రసక్తి వచ్చినపుడు సాధారణముగా రెండు విషయములే చర్చకు వచ్చును. ఒకటి చెరువు కౌలు, రెండవది చేపపిల్లల పంపిణీ. రెండును ముఖ్యమైనవే. నేడు నేను మూడవ విషయమును మీ ముందుంచదలచితిని. అది గాలము వేయుట. దీనిని బ్రతుకుతెరువుగా గాక, తీరిక వేళ వ్యాసంగముగా గ్రామస్థులు చేపట్టినచో వారి ఆరోగ్యమునకును, మన చెరువునకును మేలు కలుగునని నా నమ్మకము.

మన గ్రామములలో తీరిక వేళలు ఎట్లు గడచుచున్నవో మీకు తెలియనిది కాదు. రచ్చబండ వద్ద పేకాట, బడ్డీకొట్టు వద్ద బీడీలు, చీకటి పడగానే మద్యము, కుర్రవారి చేతిలో ఎడతెగని సెల్‌ఫోను. వీనిని మానుడని ఉపన్యసించుట సులభము. మానినవానికి ఆ గంటలో చేయదగిన పని చూపుట కష్టము. గాలపు వేట అట్టి పని. దీనికి ఖర్చు స్వల్పము. ఒక వెదురు గడ, నాలుగు బారల నైలాను దారము, చిన్న గాలపు ముల్లు, నీటిపై తేలుటకు బెండు ముక్క, ఎరకు పెరటిలోని వానపాములు లేక తవుడు కలిపిన పిండి ముద్ద ఉన్న చాలును.

తెల్లవారుజామున గట్టు వెంట నడచుట కాళ్లకు వ్యాయామము. బెండుపై చూపు నిలిపి కూర్చుండుట మనస్సునకు విశ్రాంతి. తొందరపడువానికి చేప చిక్కదు గనుక ఓర్పు తనంతట అలవడును. దొరికిన చేపలో సులభముగా జీర్ణమగు మాంసకృత్తులు కలవు. ముళ్లతో సహా తినదగిన చిన్న చేపలలో ఎముకలకు వలసిన కాల్షియము కూడ లభించును.

ఇంతకంటె ముఖ్యమైన లాభము మరియొకటి కలదు. గాలము వేయువాడు కొద్ది దినములలోనే నీటిని గుర్తెరుగును. బొచ్చె పై నీటిలోను, రోహు నడిమి నీటిలోను, మ్రిగాల అడుగునను మేయునని వానికి అనుభవము వలన తెలియును. సూర్యోదయమునకు ముందు చేపలు గుంపుగా పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గుర్తు. రాత్రివేళ నాచు, నీటిమొక్కలు ప్రాణవాయువును వాడుకొనునే గాని విడువవు. అందువలన తెల్లవారుసరికి అది మిక్కిలి తక్కువగా నుండును. వరుసగా మబ్బు పట్టిన దినములలో ప్రమాదము హెచ్చు. ఈ గుర్తును ఒక్కడు చూచి చెప్పినను క్రొత్త నీరు పెట్టించి చేపలను కాపాడుకొనవచ్చును. గుర్రపుడెక్క ఒక మూలను అల్లుకొనుట, తూము ప్రక్కన గట్టు చెమ్మగిల్లుట, మురుగు కాలువను ఎవరో చెరువులోనికి మళ్లించుట – వీనిని ముందుగా చూడగలవాడు ప్రతి ఉదయము గట్టున కూర్చుండువాడే. జీతము లేని ఇట్టి కాపరులు పదిమంది ఉన్న చెరువు అంత సులభముగా చెడదు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. "పిల్లలను మేము కొని వదలితిమి, కౌలు మేము కట్టుచున్నాము, సరదాకు పట్టుకొనువారు మీరా?" అని మత్స్యకార సోదరులు అడుగవచ్చును. వారి మాట నిజము. ఒకప్పుడు ఈ జాతుల పిల్లలను వరద కాలములో నదుల నుండి సేకరింపవలసి యుండెను. 1957 జూలై 10వ తేదీన ఒడిషాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అను శాస్త్రజ్ఞులు పిట్యూటరీ గ్రంథి రసమును ఎక్కించి ఈ చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. ఆ పద్ధతి వలననే నేడు హేచరీలలో పిల్లలు లభించుచున్నవి. ఆ దినమును జాతీయ మత్స్యరైతుల దినోత్సవముగా జరుపుచున్నారు. అనగా చెరువులో వదలిన చేప ఒకరి శ్రమ, ఒకరి పెట్టుబడి. దానిని అడుగక తీసికొనుట వ్యాసంగము కాదు, దొంగతనము.

కావున పంచాయతీ ముందుగా చేయవలసినది ఇది. చెరువు ఎవరి అధీనములో నున్నదో, చేపల హక్కు ఎవరిదో రికార్డులలో చూచుకొనవలెను. సహకార సంఘమునకు హక్కు ఉన్నచో వారి పెద్దలను పిలిచి, వారి సమ్మతితోనే నియమములు వ్రాసికొనవలెను. నా సూచనలు ఇవి. గాలమునకు ఒక రేవును మాత్రమే కేటాయింపవలెను. వారమునకు రెండు ఉదయములు చాలును. మనిషికి ఒక గడ, ఒక ముల్లు. పట్టిన చేపను అమ్మరాదు. పెంపకపు చేప పడినచో సంఘము నిర్ణయించిన రుసుము చెల్లింపవలెను, లేదా చేపను విడువవలెను. విడుచునపుడు చేతులు తడుపుకొని పట్టవలెను. పొడి చేతులతో పట్టినచో చేపను రోగముల నుండి కాపాడు జిగురు పొర ఊడిపోవును. వానకాలము చేపలు గ్రుడ్లు పెట్టు కాలము గనుక ఆ నెలలలో గాలము మాన్పింపవలెను. తెలంగాణ రాష్ట్ర చేపయైన కొర్రమీను తన ఎర్రని పిల్లల గుంపును వెంటనుండి కాచును. అట్టి తల్లిదండ్రులను పట్టినచో ఆ పిల్లలన్నియు ఇతర చేపల పాలగును. మందుగుండు ప్రేల్చియు, విషము కలిపియు చేపలను చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది. ఈ విషయమున సంఘము, పంచాయతీ ఒకే మాటపై నిలువవలెను.

ప్రాణ రక్షణను గూర్చి కూడ మనవి చేయవలసి యున్నది. పిల్లలు పెద్దల తోడు లేక రేవునకు పోరాదు. పూడిక తీసిన చోట్ల హఠాత్తుగా లోతు ఉండును గనుక అచ్చట హెచ్చరిక పలక నాటింపవలెను. విద్యుత్తు తీగల క్రింద గడ ఎత్తరాదు. ఉరుము వినబడగానే గట్టు విడిచి రావలెను. తెగిన దారము, ముల్లు ఒడ్డున పడవేసినచో పశువుల నోట, పక్షుల కాళ్లకు చిక్కును. వానిని ఇంటికి తెచ్చుకొనవలెను.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చట్టముతో చేర్చబడిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. వానిలో చిన్న తరహా నీటిపారుదల మూడవది, మత్స్య పరిశ్రమ అయిదవది. చెరువు మన బాధ్యతయే అని దీని అర్థము. అయినను ఏడాదికొకసారి పూడిక పనుల వేళ మాత్రమే చెరువును చూచు ఊరు దానిని కాపాడుకొనలేదు. ప్రజలు ప్రతి దినము చెరువు వద్దకు పోవుటకు ఒక కారణము ఉండవలెను. పూర్వము త్రాగునీరు, బట్టలు ఉదుకుట, పశువులను కడుగుట అట్టి కారణములుగా నుండెను. ఇంటింటికి కొళాయి వచ్చిన గ్రామములలో ఆ రాకపోకలు తగ్గినవి. గాలము మరల ఒక కారణము కాగలదు. చేప తిననివారు గాలము లేకనే గట్టుపై నడువవచ్చును. చెరువు వారిది కూడ.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చేర్చుడు. మత్స్యకార పెద్దలను ముందు వరుసలో కూర్చుండబెట్టి, మొదట వారిచేతనే మాట్లాడింపుడు. వారు సరేయన్న రేవుననే మొదటి గాలము వేయుడని మిమ్ములను కోరుచున్నాను.