రేపటి కథలో మన గూడెం



మన గురించి పుస్తకాల్లో, ప్రదర్శనల్లో ఎక్కడ చూసినా "పూర్వం ఇలా ఉండేవారు" అనే రాస్తారు. గుస్సాడీ తలపాగా, పాత నగలు, విల్లంబులు. అవన్నీ మనకు గర్వకారణమే. కానీ 2075లో గోండు పిల్ల ఏం చేస్తుంటుంది, కోలాం గూడెం ఎలా ఉంటుంది అని రాసేవాళ్లు అరుదు. రేపట్లో మనం ఉండమని నోటితో ఎవరూ అనరు. పిల్లలకు అర్థమయ్యేది మాత్రం అదే.

ఇతర దేశాల ఆదివాసులు ఈ లోటును తామే తీర్చుకుంటున్నారు. అనిషినాబే మూలాలున్న ఆచార్యులు గ్రేస్ డిల్లన్ 2012లో 'వాకింగ్ ద క్లౌడ్స్' పేరుతో ఆదివాసీ సైన్స్ ఫిక్షన్ సంకలనం తెచ్చారు. కెనడాకు చెందిన మేటీ రచయిత్రి షెరీ డిమలైన్ నవల 'ద మారో థీవ్స్' 2017లో వచ్చింది. అందులో వాతావరణం పాడైన కాలంలో మిగతా జనానికి కలలు రావడం ఆగిపోతుంది. ఆదివాసులకు మాత్రం వస్తుంటాయి. ఎముకల్లోని మూలుగ కోసం వాళ్లను వేటాడి, 'బడులు' అని పిలిచే చోట్లకు పట్టుకుపోతారు. అక్కడ కలలను పిండే యంత్రం ఒక ముసలమ్మ తన భాషలో పాడిన పాటకు కూలిపోతుంది.

'బడి' అన్న పేరు ఊరికే పెట్టలేదు. కెనడాలో నిజంగానే సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలను రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. మన హాస్టళ్లు అలాంటివి కావు. చదువు కోసం మన తల్లిదండ్రులే నమ్మి పంపుతున్నారు. అయినా వార్డెన్లుగా మేము చూస్తున్నది ఒకటుంది. మూడో తరగతిలో గోండిలో గలగలా మాట్లాడుతూ వచ్చిన పిల్ల, పదో తరగతికి వచ్చేసరికి ఇంటికి ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడుతుంది. ఎవరూ కొట్టి మాన్పించలేదు. రేపు పనికిరాదనుకుని తనే మానేసింది.

అందుకే పిల్లలను రేపటి కథలు చెప్పమని అడుగుదాం. కథలకు మనకు కొదవ లేదు. కేస్లాపూర్ నాగోబా పూజకు మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి ఝరిలో గోదావరి నీళ్లు తెస్తారు. ఆ నది ఎండిపోతే ఆ నడక ఎటు సాగుతుంది? చంద్రుడి మీద మెస్రం పిల్లలుంటే ఆ నీళ్లు వాళ్లకెలా అందుతాయి? ప్రధాన్లు కిక్రి మీద చెప్పే కథలను కంప్యూటర్‌కు నేర్పాలంటే ఎవరి అనుమతి అడగాలి? ఇవి వట్టి ఊహలు కావు. నీళ్ల గురించి, హక్కుల గురించి మన పిల్లలు రేపు ఎదుర్కొనే ప్రశ్నలు.

రాసుకోవడానికి అక్షరాలూ ఉన్నాయి. గుంజాల గ్రామంలోని రాతప్రతుల్లో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. తాతల అక్షరాలు కంప్యూటర్‌లోకి ముందే వెళ్లాయి. ఇక పిల్లలు వెళ్లాలి.

మా విన్నపం చిన్నదే. ప్రతి హాస్టల్లో వారానికి ఒక సాయంత్రం ఊరి పెద్దను పిలుద్దాం. వారు పాత కథ చెప్పాక, అదే కథ యాభై ఏళ్ల తర్వాత ఎలా జరుగుతుందో పిల్లలు తమ భాషలో చెప్పాలి. మార్కులు వద్దు, తప్పులు దిద్దడం వద్దు. బాగున్న కథలను వచ్చే సంచికలో సంఘం అచ్చు వేయాలని కోరుతున్నాం.

జై సేవా.