ఇంటి సబ్బు - మూలికా తైలము



సబ్బు రాకపూర్వము తెలుగుదేశమున శుభ్రత లేకపోలేదు. తలకు కుంకుడుకాయ, శీకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకు చౌడు. ఇవియే నాటి సాధనములు. కుంకుడు గుజ్జులోని సపోనిన్ అను పదార్థము నురుగు నిచ్చును. చౌటిలోని క్షారము బట్టల జిడ్డును విడగొట్టును. సబ్బు ఈ రెంటికిని భిన్నమైనది. అది చెట్టున కాయదు, నేలలో దొరకదు. నూనెయు, క్షారమును కలిసి తమ పూర్వరూపములను విడిచినప్పుడు పుట్టును. ఆ కలయికలో సబ్బుతోపాటు గ్లిజరిన్ కూడ ఏర్పడును.

ఈ రహస్యము శాస్త్రమునకు చిక్కి రెండువందల సంవత్సరము లైనది. 1791లో నికొలాస్ లెబ్లాంక్ ఉప్పునుండి సోడాను తీయు విధానమునకు ఫ్రాన్సులో హక్కు పొందెను. 1823లో ఆ దేశమువాడే యైన షెవ్రూల్ కొవ్వుల నిర్మాణమును వివరించు గ్రంథమును ప్రకటించెను. మన దేశమున 1957లో ఏర్పడిన ఖాదీ గ్రామోద్యోగ కమిషన్, వేప మొదలగు తినుటకు పనికిరాని నూనెలతో సబ్బు చేయుటను గ్రామపరిశ్రమగా ప్రోత్సహించినది.

ఇక పని విషయము. మొదట మూలికా తైలము. తులసి, వేపాకు, మందారపు రేకులు, వట్టివేరు - వీనిలో దొరికినదానిని నీడన గలగలలాడునట్లు ఎండబెట్టవలెను. పచ్చియాకు పనికిరాదు, దాని తడి నూనెను చెడగొట్టును. 450 గ్రాముల నువ్వులనూనెలో 50 గ్రాముల ఎండుటాకు వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళ పాత్రలో నుంచి సన్నని సెగపై రెండు గంటలు కాగనిచ్చి, పలుచని గుడ్డతో వడకట్టవలెను. ఆకు కొంత నూనెను పీల్చును గనుక వడకట్టిన పిదప మరల తూచి 400 గ్రాములు తీసికొనవలెను.

దానికి 500 గ్రాముల కొబ్బరినూనె, 100 గ్రాముల ఆముదము చేర్చవలెను. కొబ్బరినూనె గట్టిదనమును, నురుగును ఇచ్చును. నువ్వులనూనె మృదుత్వమును, ఆముదము నురుగునకు నిలకడను ఇచ్చును. ఈ కిలో నూనెకు 150 గ్రాముల కాస్టిక్ సోడా, 320 గ్రాముల నీరు కావలెను. లెక్క యిది: నూరు గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18.3, నువ్వులనూనెకు 13.4, ఆముదమునకు 12.8 గ్రాముల సోడా పట్టును. మొత్తము సుమారు 158 గ్రాములు. అందులో 8 గ్రాములు తగ్గించుటవలన కొంచెము నూనె మిగిలి చర్మమునకు మేలగును. సోడా హెచ్చినచో సబ్బు చర్మమును కాల్చును. కావున గ్లాసులతో, గరిటెలతో కొలువరాదు, త్రాసుతోనే తూచవలెను. నూనె మారినచో లెక్కయు మారును.

కాస్టిక్ సోడా ప్రమాదకరమైన వస్తువు. సోడానే నీటిలో కొద్దికొద్దిగా వేయవలెను. సోడాపై నీరు పోయరాదు, అది పొంగి చిమ్మును. నీరు దానంతటదే మిక్కిలి వేడెక్కును, ఆవిరిని పీల్చరాదు. అల్యూమినియము పాత్రను సోడా తినివేయును. స్టీలు పాత్రనే వాడవలెను. చేతికి తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను, పిల్లలు దరిదాపులనుండరాదు. ఒంటిపై పడినచో ధారాళముగా నీటితో కడుగవలెను, నిమ్మరసము పూయరాదు. కంట పడినచో ఇరువది నిమిషములు కడిగి వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనకు తగదు.

సోడానీరును, నూనెయు గోరువెచ్చనైన పిదప, నూనెలో సోడానీటిని సన్నని ధారగా పోయుచు కలుపవలెను. గరిటె నెత్తి జార్చిన ధార పైననే గీతవలె నిలిచినప్పుడు అచ్చులలో పోయవలెను. ఒకటి రెండు దినములకు గట్టిపడును. తొడుగులతోనే ముక్కలు కోసి, గాలి తగులు నీడన నాలుగైదు వారములు ఆరనీయవలెను. తొందరపడి వాడినచో త్వరగా కరగిపోవును.

ఒక సత్యము చెప్పక తప్పదు. క్షారము ఆకు రంగును, పరిమళమును చాలవరకు హరించును. తులసి పచ్చదనము గోధుమవన్నెగును; పసుపు, సున్నము కలిసిన పారాణి ఎర్రనగునట్లే పసుపు వేసిన సబ్బు ఎర్రబారును. సబ్బు ఒంటిపై నిలుచునది క్షణకాలము. కావున మూలికాసబ్బు చర్మవ్యాధిని కుదుర్చునని చెప్పుట ధర్మము కాదు. గజ్జి, తామర గలవారు సబ్బును నమ్మి వైద్యమును మానరాదు. ఇంటి కొరకు కాక అమ్మకము కొరకు చేయువారు ప్రభుత్వపు లైసెన్సు పొందవలెను.

వంటలో ఉప్పు ఎక్కువైనచో కూర చెడును. ఇందు అంకె తప్పినచో చర్మము కాలును. నోటిమాటగా చెప్పుకొన్న అంకె ఇల్లు మారినకొలది మారును, వ్రాసినది మారదు. గ్రంథాలయమున నొక పుస్తకము నుంచి, సబ్బు చేసిన ప్రతి గృహిణియు ఏ నూనె ఎంత, సోడా ఎంత, ఫలిత మేమి అని అందు వ్రాయుట మేలు. బాగుగా వచ్చినదియే కాక చెడినదియు వ్రాయవలెను. తరువాతి వారి చేతులు కాలకుండ కాపాడునది ఆ రెండవ లెక్కయే.