మన నగరపు ఏటి లెక్క
(డర్బన్‌లోని తెలుగు తరగతి విద్యార్థుల కోసం ప్రసంగం)



ఉగాదినాడు మనవాళ్లు పంచాంగం చదివించుకుంటారు. కొత్త ఏడాదిలో ఏ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని పెద్దలు శ్రద్ధగా వింటారు. ఆదాయం అంటే రాబడి. వ్యయం అంటే ఖర్చు. మనం నివసించే డర్బన్ నగరానికి కూడా ఇటువంటి ఆదాయవ్యయాల లెక్క ఒకటి ఉన్నది. దాని సంగతి ఈరోజు మీకు చెబుతాను.

డర్బన్‌ను, చుట్టుపక్కల ఊళ్లను కలిపి పాలించే పురపాలక సంఘం పేరు ఎతెక్విని. ఇది 2000 డిసెంబరులో ఏర్పడింది. అదే సంవత్సరం వచ్చిన చట్టం ప్రకారం దక్షిణాఫ్రికాలోని ప్రతి పురపాలక సంఘమూ అయిదేళ్లకు సరిపడే అభివృద్ధి ప్రణాళిక తయారు చేసుకోవాలి. ప్రణాళిక అంటే ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, డబ్బు ఎక్కడినుండి తేవాలి అని ముందుగా వేసుకునే పథకం. దానిని ఏటా సమీక్షించాలి, అనగా తిరిగి పరిశీలించి సరిచేసుకోవాలి.

నగరపు లెక్కల సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. మొదలుకావడానికి కనీసం 90 రోజుల ముందే బడ్జెటు ముసాయిదాను నగరసభ ముందు పెట్టాలి. ప్రజలు చెప్పే మాటలు వినాలి. సంవత్సరం ముగిసిన ఏడు నెలలలోగా వార్షిక నివేదిక సభకు రావాలి. గొట్టాలు వేస్తామన్నాం, వేశామా? ఇళ్లు కడతామన్నాం, ఎన్ని కట్టాం? ఈ ప్రశ్నలకు జవాబులు ఆ నివేదికలో ఉండాలి. ఖర్చుల లెక్కను ఆడిటర్ జనరల్ కార్యాలయం తనిఖీ చేస్తుంది.

పంచాంగంలో చెప్పినట్లు జరగకపోతే మనం ఎవరినీ నిలదీయము. నగరం చెప్పినది జరగకపోతే మాత్రం అడగవచ్చు, అడగాలి కూడా.

ఇంత శ్రమ ఎందుకు, చదువుకున్న ఇంజనీర్లు కూర్చుని పటం గీస్తే చాలదా అని మీకు అనిపించవచ్చు. దానికి జవాబు మన పెద్దల చరిత్రలోనే ఉన్నది. 1860లో మద్రాసునుండి మొదటి ఓడ డర్బన్ చేరింది. ఆ తరువాత వచ్చిన ఓడలలో తెలుగువారు కూడా ఎందరో ఒప్పందపు కూలీలుగా వచ్చి చెరకు తోటలలో పనిచేశారు. ఒప్పందం తీరిన భారతీయులలో కొందరు కేటో మేనర్ ప్రాంతంలో కూరగాయలు పండించారు; ఇళ్లు, గుళ్లు కట్టుకున్నారు. 1950లో జాతుల వారీగా నివాస ప్రాంతాలను విడదీసే చట్టం వచ్చింది. కేటో మేనర్ తెల్లవారిది అన్నారు. అక్కడి భారతీయులలో చాలామందిని 1960లలో కొత్తగా కట్టిన చాట్స్‌వర్త్‌కు, ఆఫ్రికన్లను క్వామషు, ఉమ్లాజి ప్రాంతాలకు తరలించారు.

చూడండి, అది కూడా ప్రణాళికే! పటాలు గీశారు, రోడ్లు వేశారు, ఇళ్లు కట్టారు. కాని అక్కడ ఉండేవారిని ఒక్కమాట అడగలేదు. అడిగించుకోవడానికి నగరసభ ఎన్నికలలో వారికి ఓటు కూడా లేదు. అందుచేత అది పైకి అభివృద్ధిగా కనబడినా, లోపల కన్నీరు మిగిల్చింది.

మరొక సంగతి వినండి. వార్విక్ కూడలిలోని ఉదయపు అంగడి 1910 నాటిది. 2009లో దాని స్థలంలో పెద్ద మాల్ కట్టాలనే ప్రతిపాదన వచ్చింది. కూరగాయలమ్మేవారు ఊరుకోలేదు. సభలు పెట్టారు, న్యాయస్థానానికి వెళ్లారు. చివరకు నగరం ఆ ఆలోచన మానుకున్నది. ఈసారి వారికి ఓటు ఉన్నది, చట్టం ఉన్నది, నోరు విప్పే ధైర్యమూ ఉన్నది.

ఇక మన నగరం సాధించినవి కూడా చెప్పుకోవాలి. పేద ఇళ్లకు కొంత నీరు ఉచితంగా ఇచ్చే పద్ధతిని డర్బన్ ముందుగా నడిపి చూపించింది. 2001 నుండి ఇంటికి నెలకు 6,000 లీటర్లు ఉచితంగా ఇవ్వాలనే విధానం దేశమంతటా అమలులోకి వచ్చింది. మురికివాడలలో ఓడ సరుకు పెట్టెలను స్నానపు గదులుగా, మరుగుదొడ్లుగా మార్చి పెట్టారు. 2014లో మన నగరపు నీటి విభాగానికి స్టాక్‌హోమ్‌లో అంతర్జాతీయ బహుమతి లభించింది.

అయితే బహుమతి వచ్చిందని పని ముగియదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన వరదలలో మన రాష్ట్రంలో 400 మందికి పైగా చనిపోయారు. టొంగాట్ నీటి శుద్ధి కేంద్రం దెబ్బతిని, అక్కడి ఇళ్లకు నెలల తరబడి కుళాయి నీరు రాలేదు. గొట్టాలు కారడం వల్ల, దొంగ కనెక్షన్ల వల్ల, బిల్లు వేయకపోవడం వల్ల 2022-23లో నగరం పంపిన నీటిలో సగానికి పైగా లెక్కకు రాకుండా పోయింది. కనుక నగరాభివృద్ధి ఒకసారి ఎక్కి కూర్చునే మేడ కాదు. ఏటా కప్పు సరిచేసుకోవలసిన ఇల్లు. ఈ లోటు ఎంతో మనకు తెలిసినదే ఏటేటా లెక్క చెప్పే పద్ధతి ఉండబట్టి.

మీకు ఓటు రావడానికి 18 ఏళ్లు నిండాలి. అంతవరకు ఊరుకోనక్కరలేదు. మీ వార్డు కౌన్సిలర్ ఎవరో తెలుసుకోండి. కౌన్సిలర్ అధ్యక్షతన పదిమంది వరకు స్థానికులతో వార్డు సంఘం ఉంటుంది. వీధిలో గొట్టం కారుతుంటే, దీపం వెలగకపోతే తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. ఇంట్లో పెద్దలచేత ఫిర్యాదు చేయించండి. బాగుపడిన రోజు కూడా రాయండి. బాగుపడకపోతే వార్డు సమావేశంలో ఆ పుస్తకం చూపించమని అమ్మానాన్నలతో చెప్పండి. మీ వీధితోపాటు, కుళాయి లేని పక్క వాడ సంగతి కూడా అందులో రాయడం మరువకండి.

ప్రశ్నలు

1. పంచాంగానికి, నగర ప్రణాళికకు గల భేదమేమి?
2. కేటో మేనర్ నుండి ప్రజలను ఎందుకు తరలించారు? ఉదయపు అంగడి ఎట్లా నిలిచింది?
3. మీ వీధికి కావలసిన మూడు పనులు రాయండి. వాటిలో ఏది ముందు చేయాలి? ఎందుకు?