కట్టకు ముందూ వెనకా



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు మాకు భూగోళం చెప్పారు. నల్లబల్ల మీద ఏ దేశం పటం గీసినా ముందు అడిగేది ఒకటే: "గాలి ఎటునుంచిరా వస్తుంది?" ఆ జవాబు దొరికితే పంటలూ ఊళ్లూ వాటంతటవే తెలుస్తాయనేవారు. ఆ ప్రశ్ననే ఇవాళ శ్రీలంక పటం ముందు పెడతాను.

లంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సుమారు ఐదింట మూడు వంతులు. నడిమధ్య కొండలు; వాటిలో ఎత్తయినది 2,524 మీటర్ల పిదురుతలాగల. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఈ కొండలకు కొట్టుకుని పడమటి వాలు మీదే కురిసేస్తుంది. అక్కడ కొన్నిచోట్ల ఏడాది వర్షం 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ నెలల్లో కొండకు అవతల ఉత్తర, తూర్పు మైదానాలు ఎండుతాయి. వాటికి వాన ఈశాన్య గాలి తేవాలి. ఆ వానకాలంలో వేసే పెద్ద పంట 'మహా', వేసవిలో వేసే చిన్న పంట 'యాల'.

విచిత్రమేమిటంటే, పాత రాజధానులు అనురాధపురం, పొలన్నరువ రెండూ ఈ ఎండు నేలలోనే వెలిశాయి. వాటిని నిలబెట్టినవి చెరువులు. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన కలావెవ నుంచి అనురాధపురానికి 87 కిలోమీటర్ల కాలువ వెళుతుంది. మొదటి భాగంలో దాని వాలు కిలోమీటరుకు జానెడు కూడా లేదు. పెద్ద చెరువుల్లో నీటి ఒత్తిడికి తూము పగిలిపోకుండా కట్టలోపల చదరపు రాతిబావి కట్టారు. నీటి దూకుడు అందులో అణిగాకే కాలువలోకి వదిలేవారు. దాని పేరు బిసోకోటువ.

ఇక పల్లె చెరువులు. ఒకటి నిండి అలుగు పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మనం గొలుసుకట్టు అంటాం, వాళ్లు ఎల్లంగావ అంటారు. చెరువు ఎగువన గస్‌గొమ్మన అనే చెట్లవరుస ఉంటుంది. గాలిని ఆపి, నీరు ఆవిరి కాకుండా కాస్తుంది. కట్టకూ పొలానికీ మధ్య కట్టకడువ అనే చెట్లూ పొదల జాగా వదులుతారు. కట్టలోంచి ఊరే నీటిలోని ఉప్పు పొలానికి చేరకుండా అది పీల్చుకుంటుంది. రెండూ సాగుకివ్వని నేలలే. ఈ గొలుసు చెరువుల పద్ధతిని 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

కొండల మీద మాత్రం అలాంటి జాగా పెద్దగా మిగల్చలేదు. ఇంగ్లీషువారు అడవి నరికి కాఫీ వేశారు. 1869లో ఆకుతెగులు సోకి కాఫీ పోయింది, టీ వచ్చింది. 335 కిలోమీటర్ల మహావేలి పుట్టేది ఆ కొండల్లోనే. అక్కడ కోసుకుపోయిన మట్టి దిగువ జలాశయాల్లో పేరుకుంటోంది.

నీటి సంగతి అలా ఉంటే, లంక భూమిలో రత్నపురం కెంపులూ నీలాలూ ఉన్నాయి, బోగల, కహటగహ గనుల్లో మేలైన గ్రాఫైటు ఉంది. మండించడానికి సొంత బొగ్గు లేదు. 2022లో డాలర్లు నిండుకుని ఇంధనం కొనలేక, కరెంటు తీసే జలాశయాల్లో నీళ్లూ తగ్గి, ఒక దశలో రోజుకు 13 గంటలు కరెంటు పోయింది.

మాస్టారుంటే ఇక్కడ సుద్దముక్క దించి మనవైపు తిరిగేవారు. కాకతీయుల నాటి చెరువులు మనకూ ఉన్నాయి. పూడిక తీస్తున్నాం, తూములు బాగుచేస్తున్నాం. అయితే చెరువంటే కట్ట ఒక్కటే కాదు. కట్టకు ముందూ వెనకా వదిలిన నేల కూడా చెరువే. ఇంటికెళ్లాక మీ ఊరి చెరువు శిఖంలో ఒకసారి నడిచి చూడండి. ప్లాట్ల హద్దురాళ్లు కనిపిస్తే గ్రామసభలో అడగండి. మాస్టారికి మనం చేయగల స్మరణ అది.